మూసినవి, తెరిచినవి

మాపటి అయిదింటికి మొదలుపెడ్తం.
మిర్యాలగూడ, రైలుపట్టాల అవతల, హమాలీల గల్లీ.
జానయ్య తట్టల ఎర్రమన్ను,
నా చేతిల సుద్దముక్క, సంకల రిజిస్టరు.
గోడ మొదట్ల బొక్క కనవడితే
ఆయన మన్ను ముద్ద కొడ్తడు,
నేను పక్కన సున్న గీసి అండ్ల నంబరు రాస్త.
ఇయ్యాల మూసినవి నూట పద్నాలుగు.

పొద్దుగాల వచ్చి చూస్తే
ఏవి తెరుచుకున్నయో వాటిల్నే ఎలుక ఉన్నట్టు.
మందు వాటికే.
ఇది ఆఫీసుల నేర్పిన లెక్క,
జానయ్యకు ముందే తెలుసు.
"మూసి చూడాలె బిడ్డా,
తెరిచి ఉన్నప్పుడు ప్రతి బొక్కా భయపెడ్తది."

మిల్లుల ఊరు ఇది.
గాలిల ఊక, మోరీల ఊక, ఆరేసిన చీర మీద ఊక.
ఎలుకలకు ఇక్కడ కరువంటే తెల్వదు.
పందికొక్కు ఎదురైతే
మనమే పక్కకు జరగాలె,
మిత్తికిచ్చినోడు ఎదురైనట్టు.

దామరచర్ల పక్క తండా నుంచి వచ్చిండు దస్రు.
పన్నెండేండ్ల సంది బస్తాలు మోస్తడు.
ఏ సబ్బు రుద్దినా వేళ్ళకు తవుడు వాసన పోదు.
ఆ వాసనకే వచ్చింది అది,
నిద్రల చూపుడువేలు కొస కొరికి పోయింది.
సూది మందు మేమే ఇప్పిచ్చినం.
పుండు మానింది గని
రేషన్ దుకాణంల మిషిను ఆ వేలును గుర్తువట్టలేదు.
"ఇంకో వేలు పెట్టు" అన్నడు డీలరు.
ఇంకో వేలూ బస్తాలకు అరిగిపోయింది.
ఊరంతటి బియ్యం మోసినోడు
ఉత్త సంచి మడిచి సంకల పెట్టుకొని వచ్చిండు.

ఇంటాయనకు ఫోను చేసిన.
అయిదో తారీకు కిరాయికి తప్ప ఈ గల్లీ మొఖం చూడడు.
"గోడ నాది, ఎలుక వాళ్ళది" అన్నడు.
ఆ మాట రిజిస్టరుల ఎక్కడ రాయాల్నో తెల్వలేదు.

ఖైరున్నీసా హోటల్ ఎనక పారబోసే అన్నం గురించి
నెల దినాలు కొట్లాడిన.
ఆఖరికి మూతున్న డ్రమ్ము ఇచ్చిన.
మూడో రోజుకే మూత మాయం.
ఎతుక్కుంట పోతే
ఒక బాలెంత ఇంట్ల నీళ్ళ కుండ మీద ఉన్నది.
అడగనీకి పోయి
నీళ్ళు తాగి వచ్చిన.

తెల్లారి తెరుచుకున్నవి పంతొమ్మిది.
మందు పెట్టినం, మూడు దినాలు ఆగినం.
మోరీ కాంట్రాక్టరు మిగిలిచ్చిన అర బస్తా సిమెంటు,
వైన్సు ఎనక ఏరుకొచ్చిన సీసపెంకులు
దంచి కలిపిండు జానయ్య,
పచ్చడి నూరినట్టు, మెల్లగ.
పంతొమ్మిది గోడలకు పెట్టేటాళ్ళకు
దీపాలు పెట్టే యాళ్ళ దాటింది.

ఆఫీసు నుంచి ఫోను: "ఎన్ని సచ్చినయి?"
కాయితంల ఆ ఒక్క గడే ఉన్నది.
ఏడు, అని చెప్పిన.
మూసిన గోడలకు గడి లేదు,
కొరకని వేళ్ళకు అసలే లేదు.

మల్ల పొద్దుగాల, నలభై ఒకటో నంబరు, దస్రు గోడ.
తెరుచుకోలే.
గని సిమెంటు తడి మీద నడిచిన గుర్తులు,
ముందటి కాలుకు నాలుగు వేళ్ళు, ఎనకటి దానికి అయిదు,
తోక ఈడ్చిన సన్న గీత.
వచ్చింది, గోకి చూసింది, మర్రిపోయింది.
దస్రు బిడ్డ వంగి
ఆ గుర్తు మీద తన వేలు ఆనిచ్చి అడిగింది,
"ఇది మిషిన్ల పడ్తదా?"

జానయ్య చెరపనీకి తాపీ ఎత్తి
మల్ల దించిండు.
"ఎండింది. ఇగ పోదు."

అంతల పక్కింటామె కేకేసింది.
బియ్యం డబ్బా జరిపితే ఇంకోటి కనవడ్డదట,
మేము సున్న గియ్యనిది.
సుద్దముక్క గోరంతే మిగిలింది.
తట్ట ఎత్తుకున్నడు ఆయన.